వేరు పంపు కబురు

చెట్టు కదలదు, మాటాడదు. అందుచేత అది మూగదని మనము తలంతుము. కాని రాత్రింబవళ్లు చెట్టు తన చుట్టునున్న ప్రపంచముతో సంభాషించుచునే యున్నది. ఆ సంభాషణ జరుగునది ఆకుల గుబురులో గాదు, నేల లోపల, వేళ్ల కొనల వద్ద. అందలి మాటలు శబ్దములు గావు, రసాయన పదార్థములు. వేరు విడుచు ఆ పదార్థములు మట్టి నీటిలో కరగి నలుదిక్కులకు వ్యాపించును. అవి చేరినచోటనున్న సూక్ష్మజీవులకు, "ఇచట సజీవమైన వేరు గలదు" అను కబురు అందును. ఆ కబురు మిత్రులకును అందును, శత్రువులకును అందును. వేరుకుళ్లు తెగుళ్లలో పెక్కింటికి నాంది ఇదియే.

శత్రువు ఆ కబురును ఎట్లు అందుకొనుచున్నదో, అందులో నీటి పాత్ర ఏమిటో తెలిసినచో, తోటలో ఏ పని ఎందుకు చేయవలెనో, ఏది ఎందుకు మానవలెనో దానంతట అదే బోధపడును.

సాగరు నీరు, బత్తాయి వేరు

నల్లగొండ జిల్లా బత్తాయి, నిమ్మ తోటలకు పేరుపొందినది. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ యని పేరు. దాని క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలోని మెట్టభూములు పెక్కు వరి మాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు కేంద్రమైనది. 2016 అక్టోబరులో సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయినప్పుడు కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే యుండిపోయినది. జిల్లాల హద్దులు మారినను నేలల తీరు మారలేదు. ఒకచోట ఎర్రని చెల్క, మరియొకచోట నల్లరేగడి. చెల్కలో నీరు త్వరగా ఇంకిపోవును; రేగడిలో నిలుచును.

వరికి నిలువ నీరు కావలెను. బత్తాయికి, నిమ్మకు అదియే చేటు. మడుల ఊట ప్రక్క తోటలోనికి దిగినచోట గాని, కాలువ వచ్చినదని పాదులు నిండ నీరు పెట్టినచోట గాని, వానకాలములో నీరు వెడలిపోవు దారిలేని పల్లపు తోటలలో గాని చెట్లు క్రమముగా నీరసించును. ఆకుల నడిమి ఈనెలు పసుపుబారును, ఆకు రాలును, చిటారు కొమ్మలు ఎండును. మొదలు వద్ద బెరడు పగిలి బంక కారును. రైతులు దీనిని బంక తెగులు అనెదరు. అట్టి చెట్టు క్రింద మట్టి త్రవ్వి సన్నని పీచు వేరును వ్రేళ్ల నడుమ పట్టి లాగినచో పైతొడుగు ఊడి వచ్చి, లోపలి నార మాత్రము దారమువలె మిగులును. ఇది వేరుకుళ్లునకు మంచి గుర్తు.

ఈ తెగులుకు కారణమైన జీవి ఫైటోఫ్తొరా. ఈ పేరును 1876లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ పెట్టినాడు. గ్రీకు భాషలో దీనికి "మొక్కలను నాశనము చేయునది" అని అర్థము. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటను పాడుచేసి ఘోరమైన కరవునకు దారితీసినది ఈ జాతికి చెందినదే. బత్తాయి, నిమ్మలను బాధించునవి ఇందులోని వేరు రకములు. చిరకాలము దీనిని శిలీంధ్రముగానే, అనగా బూజుగానే, లెక్కించిరి. చూపునకు బూజు దారములవలెనే యుండును. అయినను దీని కణకవచములో ముఖ్యముగా నున్నది శిలీంధ్రములలోని కైటిన్ గాదు, గ్లూకాన్లు, సెల్యులోజు. వంశమును బట్టి చూచిన ఇది సముద్రపు గోధుమరంగు నాచులకు దగ్గర చుట్టము. నీటితో దీనికిగల సంబంధము ఈ చుట్టరికమునకు తగినట్లే యున్నది.

వేరు చుట్టు ఒక లోకము

వేరు పని నీటిని, లవణములను పీల్చుట మాత్రమే యని పాఠశాలలో చదువుకొందుము. కాని వేరు తీసికొనుట మాత్రమే గాక ఇచ్చుట కూడ చేయును. ఆకులు ఎండలో తయారుచేసిన ఆహారములో చెప్పుకోదగిన భాగము వేళ్లగుండ మట్టిలోనికి వచ్చును. అందులో చక్కెరలు, ఎమైనో ఆమ్లములు, సేంద్రియ ఆమ్లములు, జిగురు పదార్థములు, ఇంకను పెక్కు విశేష రసాయనములు ఉండును. వేరు కొన ముందుకు చొచ్చుకొనిపోవుచుండగా రాలు కణములు కూడ వీనితో చేరును.

ఈ స్రావముల వలన వేరును అంటియున్న కొన్ని మిల్లిమీటర్ల మట్టి మిగిలిన మట్టికంటె భిన్నముగా నుండును. అందులో సూక్ష్మజీవుల సంఖ్య అనేక రెట్లు హెచ్చు. ఈ పొరకు 1904లో జర్మనీ శాస్త్రజ్ఞుడు లోరెంజ్ హిల్ట్‌నర్ ఒక ప్రత్యేకమైన పేరు పెట్టినాడు. తెలుగులో దానిని మూలమండలము అనవచ్చును. దూరపు మట్టి ఎడారి యైనచో మూలమండలము సంతవంటిది. సంతకు వచ్చువారిలో కొనువారుందురు, అమ్మువారుందురు, జేబు కొట్టువారును ఉందురు.

ఈదులాడు బీజములు

ఫైటోఫ్తొరా గడ్డుకాలమును మందపు గోడలుగల బీజములుగా మట్టిలో గడపును. నేల తడిసినప్పుడు అవి మొలచి నిమ్మకాయ ఆకారముగల చిన్న తిత్తులను పుట్టించును. నేల రంధ్రములు నీటితో నిండినంతనే ఆ తిత్తులు విచ్చి, ఒక్కొక్కదానినుండి అనేక చరబీజములు వెలువడును. ఇవి ఈదగల బీజములు. ఒక్కొక్కదాని పరిమాణము సుమారు 10 మైక్రాన్లు, అనగా మిల్లిమీటరులో నూరవవంతు. ప్రతిదానికి రెండు కొరడాలవంటి తోకలుండును. ఒకటి నూగుతో కూడి ముందునకు సాగి బీజమును లాగును. రెండవది నునుపుగా వెనుక నుండి చుక్కానివలె దారి త్రిప్పును. వేగము క్షణమునకు 100 నుండి 200 మైక్రాన్లు. అనగా తన శరీరమునకు పది, ఇరువది రెట్ల దూరమును ఒక్క క్షణములో ఈదును.

చరబీజమునకు గట్టి కవచము లేదు. ఈదునంతకాలము అది బయటి ఆహారము తినదు. తనలో దాచుకొన్న శక్తినే వెచ్చించును. దానికి గల వ్యవధి సామాన్యముగా కొన్ని గంటలు మాత్రమే. ఆ లోపల వేరు దొరకనిచో దాని ప్రయాణము చాలవరకు వ్యర్థమగును. కనుక గ్రుడ్డిగా తిరుగుట దానికి తగదు. వేరు ఎటున్నదో తెలిసికొనవలెను. ఆ తెలివి దానికి రసాయనముల ద్వారా కలుగును. వేరునుండి దూరమగుకొలది స్రావము పలుచనగును, దగ్గరగుకొలది చిక్కనగును. చిక్కదనము పెరుగు దిక్కునకు చరబీజము మరలును. ఈ గుణమును రసాయనానుచలనము అందురు. చీకటిలో పొగడపూల వాసన ననుసరించి చెట్టును చేరినట్లే ఇదియు.

ప్రయోగములు చెప్పిన సంగతులు

1961లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జార్జి జెంట్‌మయర్ ఆవకాడో వేళ్లను ఫైటోఫ్తొరా చరబీజములున్న నీటిలో ఉంచి సూక్ష్మదర్శినితో చూచినాడు. చరబీజములు వేరంతట సమముగా పరచుకొనలేదు. కొనకు కొంచెము వెనుక, వేరు సాగి పెరుగుచున్న లేత భాగమున గుంపుగా మూగినవి. వేరు స్రావము ఆ భాగమున హెచ్చుగా వెలువడును. గాయములున్న తావులకును, ప్రక్కవేరు బెరడును చీల్చుకొని వచ్చు చోటులకును చరబీజములు అట్లే చేరునని ఇతర పరిశోధనలు తెలిపినవి.

అన్ని కబుర్లు ఒక తీరున ఉండవు. గ్లూటామిక్, ఆస్పార్టిక్ వంటి ఎమైనో ఆమ్లములు ప్రతి వేరునుండి వచ్చును. అవి "ఇచట వేరు గలదు" అని మాత్రము చెప్పును. కొన్ని పదార్థములు "ఇది ఫలాని మొక్క వేరు" అని గూడ చెప్పును. సోయాచిక్కుడు వేళ్లు డైడ్జీన్, జెనిస్టీన్ అను పదార్థములను విడుచును. సోయాచిక్కుడును ముఖ్యముగా పీడించు ఫైటోఫ్తొరా రకము వీనిని అత్యల్ప మోతాదులో గూడ పసికట్టి చేరునని 1992లో మోరిస్, వార్డ్ అను శాస్త్రజ్ఞులు చూపినారు.

రసాయనములే గాక విద్యుత్తు కూడ దారి చూపును. పెరుగుచున్న వేరు చుట్టు అయానుల రాకపోకల వలన అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహము ఉండును. ఫైటోఫ్తొరా పామివోరా అను రకపు చరబీజములు విద్యుత్ క్షేత్రములో ధనధ్రువము వైపునకు ఈదునని, వేరునకు మిక్కిలి సమీపమున ఈ విద్యుత్ సంకేతము రసాయన సంకేతమును మించి పనిచేయగలదని 2002లో ప్రకటించిన పరిశోధన తెలిపినది.

వేరును తాకిన పిమ్మట జరుగు పని త్వరితమైనది. కొన్ని నిమిషములలో చరబీజము తోకలను విడిచి, గుండ్రనై, గోడ కట్టుకొని వేరునకు అంటుకొనును. తరువాత మొలకెత్తి సన్నని నాళమును లోనికి చొప్పించును. అంతటితో కబురు మోసిన నీటి పని ముగియును; తెగులు పని మొదలగును.

నీరు నిలిచినప్పుడు

ఇంతవరకు చెప్పినదానిలో నీరు చరబీజమునకు దారి. కాని నీరు నిలిచినప్పుడు మరియొక విపరీతము జరుగును. వేరు కూడ శ్వాసించును. మట్టి రంధ్రములలోని గాలి పోయి నీరు నిండినచో ప్రాణవాయువు చాలదు. అప్పుడు వేరు కణములు చక్కెరను పూర్తిగా వినియోగించుకొనలేక పులియబెట్టి, ఇథనాల్ అను ఆల్కహాలును తయారుచేయును. కల్లు పులియునప్పుడు పుట్టునది ఇదియే. ఉక్కిరిబిక్కిరియైన వేరు పొరలు సడలి చక్కెరలు, ఎమైనో ఆమ్లములు మామూలు కంటె హెచ్చుగా కారిపోవును.

ఆ ఇథనాల్ చరబీజములను ఆకర్షించును. మట్టి రంధ్రములంత సన్నని గాజునాళములలో ఫైటోఫ్తొరా చరబీజములు ఇథనాల్ వైపునకు ఈదునని 1973లో అలెన్, న్యూహుక్ అను శాస్త్రజ్ఞులు నిరూపించినారు.

ఈ సంగతులను ఒకచోట చేర్చి చూడుడు. నీరు నిలిచినచో తిత్తులు విచ్చి చరబీజములు వెలువడును. వానికి ఈదుటకు దారి ఏర్పడును. వేరు ఊపిరాడక పిలుపును బిగ్గరగా పంపును. అదే సమయమున దాని ఎదిరించు శక్తి సన్నగిల్లును. నాలుగు కీడులు ఒక్క కారణమున వచ్చినవి. తెగులు బీజములు మట్టిలో నుండుట ఒక్కటే చెట్టును చంపదు. అవి, పిలుపు, దారి, నీరసించిన వేరు కలిసినప్పుడే చెట్టు చచ్చును.

నిద్రించు బూజు

బత్తాయి తోటలలో ఎండు వేరుకుళ్లు అను మరియొక తెగులు గలదు. ఇందులో ఫ్యుజేరియమ్ సొలానీ అను నిజమైన శిలీంధ్రము పాలుపంచుకొనును. చెట్టు కొలదిరోజులలో వాడిపోవును. వేరు బెరడు ఎండి లోని కలప రంగు మారును. నీటి ఎద్దడికి, గాయములకు, ఇతర తెగుళ్లకు గురియై డస్సిన చెట్లకే ఇది హెచ్చుగా సోకును.

ఫ్యుజేరియమునకు తోకలు లేవు, ఈత రాదు. దాని బీజములు మట్టిలో నిద్రించును. ఆహారము లేని మట్టిలో అవి మేల్కొనవు. సమీపమునకు వేరు వచ్చి దాని స్రావము తగిలినప్పుడు మొలకెత్తి, దారమువంటి పోగును వేరు వైపునకు సాచును. ఈ పోగునకు దిక్కు ఎట్లు తెలియును? 2015లో స్పెయిను దేశములోని కోర్డోబా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు టమాటా వేళ్లపై ఫ్యుజేరియములోని మరియొక రకముతో ప్రయోగములు చేసి జవాబు కనుగొన్నారు. వేరు విడుచు పెరాక్సిడేజ్ అను ఎంజైముల ప్రభావమును బూజు పసికట్టుచున్నది. అందుకు అది వాడుకొనుచున్నది శిలీంధ్రములు తమ జోడును గుర్తించుటకు వాడు గ్రాహకమును. జోడు పిలుపును వినుటకు ఏర్పడిన చెవితోనే ఆహారపు పిలుపును గూడ వినుచున్నది.

చెట్టు ఎదురుమాట

వేరు ఊరక పడియుండునది కాదు. ఫైటోఫ్తొరా తనకు అవసరమైన స్టెరాల్ అను పదార్థములను స్వయముగా తయారుచేసికొనలేదు. వానిని మోయుటకు ఎలిసిటిన్ అను చిన్న ప్రోటీనులను బయటికి విడుచును. పెక్కు మొక్కల కణములు ఈ ప్రోటీనులను గుర్తించి మేలుకొనును. దొంగ సంచి చప్పుడు విని ఇంటివారు లేచినట్లు కణములు గోడలను గట్టిచేయును, విషపదార్థములను తయారుచేయును.

నిమ్మజాతిలో అట్టి విషములలో ఒకటి స్కోపరోన్. తెగులు సోకిన బెరడులో ఇది కూడుకొనుననియు, తెగులును బాగుగా తట్టుకొను రకములలో ఇది హెచ్చుగా పుట్టుననియు 1988లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కనుకనే అంటు కట్టునప్పుడు క్రింది వేరుమూలము ఏ రకమో ముఖ్యము. పైనున్న బత్తాయి రుచి ఎట్టిదైనను మట్టిలో పోరాడునది వేరుమూలమే. నారింజ వేరుమూలము ఫైటోఫ్తొరాను బాగుగా తట్టుకొనును. కాని దానిపై అంటిన బత్తాయి ట్రిస్టెజా అను వైరసు తెగులునకు లొంగిపోవును. అందుచేత సాత్గుడి బత్తాయికి రంగపూర్ నిమ్మ వేరుమూలమును సిఫారసు చేయుచున్నారు.

అదే కబురు, వేరు అతిథులు

వేరు ఇన్ని చిక్కులు తెచ్చు స్రావములను ఎందుకు విడువవలెను, నోరు మూసికొని యుండరాదా యను ప్రశ్న పుట్టును. మూసికొన్నచో మిత్రులును రారు. నిమ్మజాతి వేళ్లకు మూలకేశములు తక్కువ. మట్టిలోని భాస్వరమును తెచ్చుకొనుటకు అవి మైకోరైజా అను సహజీవన శిలీంధ్రములపై చాల ఆధారపడును. ఈ శిలీంధ్రపు పోగులు వేరు చేరలేని దూరమునుండి భాస్వరమును తెచ్చి, బదులుగా చెట్టునుండి ఆహారమును పొందును.

భాస్వరము కొరవడినప్పుడు వేళ్లు స్ట్రైగోలాక్టోన్ అను పదార్థములను హెచ్చుగా విడుచును. ఇవి తగిలిన మైకోరైజా పోగులు గుబురుగా కొమ్మలు వేయునని 2005లో జపాను శాస్త్రజ్ఞులు కొహ్కి అకియామా మొదలగువారు తెలిపినారు. ఈ కుటుంబములో మొదటి పదార్థము 1966లోనే ప్రత్తి వేళ్ల స్రావములో దొరికినది. అప్పుడు దాని గుణముగా తెలిసినది మరియొకటి: జొన్న వేళ్లపై పడి బ్రతుకు స్ట్రైగా అను కలుపు గింజలను మొలిపించుట. మిత్రునికి పంపిన కబురును శత్రువు దారిలో విన్నట్లయినది. వేరునకు నోరు మూసికొను వీలు లేదు. వినువారిని ఎన్నుకొను వీలు అంతకంటె లేదు.

రైతు చేతిలోనున్నది

కాని నీటిని, గాయములను, మట్టిలోని సహవాసమును అదుపు చేయు వీలు రైతునకు గలదు.

మొదటిది నీరు. బత్తాయి మొదలునకు నీరు తగులకుండ చెట్టు చుట్టు చిన్న కట్ట వేసి, దాని వెలుపల రెండవ కట్ట వేసి, రెండు కట్టల నడుమ నీరు పెట్టవలెను. దీనిని రెండు కట్టల పాదు పద్ధతి యందురు. పీచు వేళ్లు కొమ్మల అంచు క్రిందనే హెచ్చుగా నుండును గనుక చెట్టునకు లోటు రాదు. ఒక పాదులోని నీరు మరియొక పాదులోనికి పారనీయరాదు. చరబీజము తనంతట ఈదగల దూరము స్వల్పమే. పారు నీరు దానిని తోట చివరకు గూడ మోసికొనిపోవును. బిందు సేద్యమునకు గల మేలులలో ఇదియు ఒకటి. రేగడిలోను, వరి మడుల ప్రక్కను నీరు వెడలిపోవు కాలువ త్రవ్వనిదే తోట వేయరాదు.

రెండవది గాయము. పాదులో లోతుగా దున్నుట, పారతో వేళ్లు తెగునట్లు త్రవ్వుట మానవలెను. తెగిన ప్రతి వేరు ఒక పిలుపు. అంటు కట్టిన తావు నేలకు జానెడు పైకి ఉండునట్లు మొక్క నాటవలెను. మొదలు చుట్టు రెండు, మూడు అడుగుల ఎత్తున బోర్డో ముద్ద పూయుట మంచిది. 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము, 10 లీటర్ల నీటితో దీనిని చేయుదురు. ఇనుప పాత్ర వాడరాదు. మెరుగుపెట్టిన ఇనుప కత్తిని ముంచినప్పుడు ఎర్రని పూత పడినచో సున్నము ఇంకను చాలలేదని అర్థము.

మూడవది సహవాసము. ట్రైకోడెర్మా అను బూజు ఇతర శిలీంధ్రములపై పడి బ్రతుకునని 1932లో కాలిఫోర్నియాలోని నిమ్మజాతి ప్రయోగ కేంద్రములో రిచర్డ్ వైండ్లింగ్ కనుగొన్నాడు. అది శత్రువు గోడలలోని గ్లూకాన్లను, కైటిన్‌ను జీర్ణించు ఎంజైములను విడుచును. బాగుగా మాగిన పశువుల ఎరువులోను, వేపపిండిలోను దీనిని పెంచి పాదులలో కలుపుదురు. వేరు పిలుపు శత్రువునకు అందు లోపల ఆ తావును మిత్రుడు ఆక్రమించియుండుట దీని ఉద్దేశము. భాస్వరపు ఎరువును మట్టి పరీక్షను బట్టియే వేయవలెను. అది మితిమీరినచో వేరు మైకోరైజాకు పంపు పిలుపును తగ్గించివేయును. తెగులు ముదిరిన తోటలలో రసాయన మందులు అవసరము కావచ్చును. కాని నీరు నిలుచుచుండగా పోసిన మందు చిల్లికుండలో పోసిన నీటివంటిదే.

వేరు పంపు కబురును ఎవరును ఆపలేరు. ఆపుటయు మంచిది గాదు. శత్రువునకు దానిని చేరవేయు నిలువ నీటిని మాత్రము ఆపవచ్చును. మందు సీసా కొనక ముందు రైతు తన తోటలో వాన వెలిసిన తరువాత నీరు ఎచట ఎంతసేపు నిలుచుచున్నదో ఒక్కమారు తిరిగి చూచుకొనుట అన్నింటికంటె ముందు చేయవలసిన పని.